శంషాబాద్ నుంచి గన్నవరానికి ఎంతసేపు?

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి కృష్ణా, గుంటూరు వైపు వెళ్లాల్సినవారికి టికెట్ కొనే రోజే తర్జనభర్జన మొదలవుతుంది. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కి గన్నవరంలో దిగడమా, బయటికొచ్చి కారెక్కడమా?

పటం మీద గీత గీస్తే ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 265 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట చేరి, 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సూర్యాపేట, కోదాడ, నందిగామ, బెజవాడ దాటి వెళితే మూడు వందలకు కాస్త అటూ ఇటూ. దూరంలో పెద్ద తేడా లేదు. చిక్కంతా సమయంతోనే.

గంటకు 500 కిలోమీటర్ల వేగమున్న ఏటీఆర్ విమానానికి ఇది అరగంట దారి. టైమ్‌టేబుల్‌లో మాత్రం గంట అని ఉంటుంది. విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా లెక్క కడతారు మరి. పైగా గాలి సంగతి ఒకటుంది. రెండుచోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం ఎగిరినా దిగినా గాలికి ఎదురుగానే. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంటే, తూర్పున ఉన్న గన్నవరానికి బయల్దేరిన విమానం ముందు పడమరకు ఎగిరి వెనక్కి తిరగాలి. తీరా గన్నవరం వచ్చాక ఊరు దాటి తూర్పుకు వెళ్లి, మళ్లీ మళ్లుకుని దిగాలి. పెద్ద జెట్ విమానమైనా ఇంత చిన్న దారిలో ఆదా చేసేది కొద్ది నిమిషాలే. పూర్తి వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి.

అసలు సమయం పోయేది నేల మీద. విదేశాల నుంచి వచ్చినవారు సాధారణంగా దేశంలో మొదట దిగినచోటే ఇమిగ్రేషన్ ముగించుకుని, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, పెట్టెలు మళ్లీ అప్పగించాలి. రెండు విమానాల మధ్య మూడు గంటలైనా లేకపోతే గుండె దడే. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. దేశీయ టికెట్ మీద చాలా సంస్థలు ఉచితంగా ఒప్పుకునే సామాను 15 కిలోలే. 23 కిలోల సూట్‌కేసులు రెండు తెచ్చుకున్నవారు కౌంటర్ దగ్గర గట్టిగానే చెల్లించుకోవాలి. అన్నీ ఒకే టికెట్‌లో ఉండేలా కొనడం ఎప్పుడూ మేలు.

కారులో అయితే ఐదు గంటల పైచిలుకు, మధ్యలో సూర్యాపేటలో టిఫిన్. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గరే బారులు తీరి నిలబడాల్సి వస్తుంది. వానలు ముదిరితే మరో గండం: 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి.

ఇన్ని లెక్కలు వేశాక కూడా, చివరికి తేల్చేది సొంత ఊరు ఎటువైపు ఉందన్నదే. గన్నవరం బెజవాడకు ఏలూరు వైపున ఉంది. ఏలూరు, గుడివాడ వాళ్లకు విమానం కలిసొస్తుంది. జగ్గయ్యపేట వాళ్లు విమానమెక్కితే తమ ఊరు దాటిపోయి, గన్నవరం నుంచి వంద కిలోమీటర్ల దాకా వెనక్కి రావాలి. పిడుగురాళ్ల, సత్తెనపల్లి వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డుకు తిరిగితే బెజవాడ ముఖమే చూడక్కర్లేదు. గుంటూరు, తెనాలి వాళ్లకు రెండూ ఇంచుమించు సమానమే. వెంట ఉన్న పసిపిల్లలనూ పెట్టెలనూ చూసుకుని వాళ్లు నిర్ణయించుకోవచ్చు.