జపనీస్ భాషలో తొందరను తెలిపే పదాలు

జపనీస్ భాషలో తొందరను, త్వరను తెలిపే పదాలు చాలా ఉన్నాయి. తెలుగులో తొందర, ఆత్రం, కంగారు, హడావుడి అన్నవి ఒకటి కానట్లే, జపనీస్‌లో కూడా వేగంగా పని చేయడానికి ఒక క్రియ, మనసు అదుపు తప్పడానికి మరొక క్రియ ఉన్నాయి. భూకంపాలు, సునామీలు తరచుగా వచ్చే ఆ దేశంలో ఈ తేడా ప్రాణరక్షణకు కూడా సంబంధించినది.

ప్రధాన క్రియలు

"ఇసొగు" అనగా త్వరపడు. ఈ మాటలో నింద లేదు. ప్రాచీన జపనీస్‌లో దీని నామరూపమైన "ఇసొగి"కి ముందుగా చేసుకొనే ఏర్పాట్లు, సన్నాహాలు అనే అర్థం కూడా ఉండేది. తీరిక లేదని చెప్పే "ఇసొగషీ" అనే విశేషణం దీనికి సంబంధించినదే. దానిని వ్రాసే చైనా లిపి అక్షరంలో ఒక ప్రక్క హృదయం, మరొక ప్రక్క నశించుట అనే గుర్తులు ఉంటాయి. పనిలో పడి మనసును పోగొట్టుకోవడమే తీరిక లేకపోవడమని జపనీయులు చమత్కారంగా చెబుతారు. నిజానికి ఆ రెండవ గుర్తు ముఖ్యంగా ఉచ్చారణను సూచించడానికి చేరినది.

"అవతెరు" అనగా కంగారుపడు, తత్తరపడు. "అసెరు" అనగా ఆత్రపడు. దీని అక్షరంలో నిప్పు మీద పక్షి ఉంటుంది. మాడిపోవుట అనే అర్థమున్న క్రియను కూడా ఈ అక్షరంతోనే వ్రాస్తారు. ఇతరులను తొందరపెట్టడం "సెకసు", ఓపిక లేని మనిషి "సెక్కచి". పిల్లలను బడికి బయలుదేరదీసే తల్లుల నోట మాత్రం ఎక్కువగా వినిపించేది "త్వరగా" అని అర్థమిచ్చే "హయకు".

తెలుగులోని గబగబా, చకచకా వంటి అనుకరణ పదాలు జపనీస్‌లో లెక్కకు మిక్కిలి. పనిని చురుకుగా, పొందికగా చేయడం "తెకిపకి", నిలకడ లేకపోవడం "సెకసెక", హడావుడిగా జారుకోవడం "సొసొకుస", ఏమి చేయాలో తోచక తడబడడం "అతఫుత". వీటిలో మెచ్చుకోలు మొదటిదానికి మాత్రమే దక్కుతుంది.

సామెతలు

"ఇసొగబ మవరె" అనగా తొందరగా ఉంటే చుట్టుదారిన వెళ్ళు అని. బివా సరస్సు తూర్పు తీరం నుండి క్యోటో వైపు వెళ్ళే బాటసారులకు యబసె రేవులో పడవ ఎక్కడం దగ్గరి దారి. కాని హియెయి కొండ మీదుగా వీచే గాలికి పడవలు ప్రమాదంలో పడేవి, లేదా ఆగిపోయేవి. దక్షిణాన ఉన్న సెత వంతెన మీదుగా నడిస్తే దూరం ఎక్కువైనా చేరడం ఖాయం. సోచో (1448-1532) అనే కవి పద్యం ఈ సామెతకు మూలమని 17వ శతాబ్దపు హాస్యకథల సంకలనం "సెయిసుయిషో" చెబుతుంది. తెలుగువారి "నిదానమే ప్రధానం" దీనికి దగ్గరగా ఉన్నా, జపనీస్ సామెత నెమ్మదిగా ఉండమని చెప్పదు. త్వరగా చేరడానికే చుట్టుదారి పట్టమంటుంది.

"జెన్ వ ఇసొగె" (మంచికి త్వరపడు) అనేది "శుభస్య శీఘ్రం"కు సరిజోడు. ఈ భావం బౌద్ధుల ధమ్మపదంలో కూడా ఉన్నది.

రైళ్ళలో, ఉత్తరాలలో

ఎక్స్‌ప్రెస్ రైలును "క్యూకో" అంటారు. "తొక్క్యూ" అనేది "తొకుబెత్సు క్యూకో" (ప్రత్యేక ఎక్స్‌ప్రెస్) అన్న పేరుకు కుదింపు, అంటే తొందరను తెలిపే పేరును సైతం తొందరగా పలుకుతున్నారన్నమాట. తలుపులు మూసుకొనే సమయంలో పరుగున వచ్చి రైలెక్కడం "కకెకొమి జోష". అలా ఎక్కవద్దని స్టేషన్లలో ప్రకటనలు వినిపిస్తుంటాయి. ఉత్తరాల చివర వ్రాసే "తొరిఇసొగి" అనే మాట, వివరాలకు వ్యవధి లేక ముందుగా ఇది తెలుపుతున్నామని సూచిస్తుంది.

ఆపద సమయంలో

పాఠశాలల అభ్యాసాలలో పిల్లలకు "ఒకషిమొ" అనే సూత్రం నేర్పుతారు. నెట్టవద్దు, పరుగెత్తవద్దు, మాట్లాడవద్దు, వెనుకకు పోవద్దు అనే నాలుగు జపనీస్ మాటల మొదటి అక్షరాల కూర్పు ఇది. 2007 అక్టోబరు 1న ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చిన భూకంప ముందస్తు హెచ్చరిక విన్నప్పుడు కూడా కంగారుపడక ముందు ప్రాణం కాపాడుకోవాలన్నదే వాతావరణ సంస్థ సలహా. అంటే "ఇసొగు" కావాలి, "అవతెరు" కూడదు.

సునామీ విషయం వేరు. ఈశాన్య జపాన్‌లోని సన్‌రికు తీరంలో "సునామీ తెందెన్కొ" అనే మాట ఉన్నది. సునామీ వస్తే ఎవరి కొరకూ ఆగక ఎవరికి వారు మెరకకు పరుగెత్తాలని దీని భావం. దీనిని దేశమంతటా ప్రచారం చేసిన సునామీ చరిత్రకారుడు యమషిత ఫుమియొ, 1933 సునామీ నాటికి చిన్న పిల్లవాడు. ఆనాడు ఇంటివారు అతని చేయి పట్టుకోకుండానే ఎవరికి వారు పరుగెత్తారు. వినడానికి కఠినమైన మాటే. అయితే తనవారు కూడా ఇలాగే తప్పించుకొని ఉంటారన్న నమ్మకం ఉంటేనే, వారిని వెదకడానికి వెనుకకు పోకుండా ఉండగలరు.

ప్రకటనల భాష సంగతి 2011 మార్చి 11న వచ్చిన సునామీ తరువాత చర్చకు వచ్చింది. సాధారణంగా అధికారులు "దయచేసి తరలండి" అనే మర్యాద రూపం వాడతారు. ఆ రోజు ఇబరకి రాష్ట్రంలోని ఓఅరయి పట్టణం మాత్రం లౌడ్‌స్పీకర్లలో "హినన్ సెయొ" (తరలిపో) అనే ఆజ్ఞారూపాన్ని వాడింది. అలవాటు లేని ఆ కటువైన మాట వినేవారికి పరిస్థితి తీవ్రతను తెలిపింది. ఆ విపత్తు తరువాత ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. కూడా తన పద్ధతి మార్చుకొన్నది. 2024 జనవరి 1న నోతొ ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు, వార్తలు చదివే మహిళ గొంతు పెంచి "ఇమ సుగు నిగెరు కొతొ" (ఇప్పుడే పారిపోవాలి) అని మర్యాద ప్రత్యయాలు లేకుండా పదే పదే హెచ్చరించింది.