ద్విచక్రంపై దివి యాత్ర... మజిలీల్లోనే ఉంది మర్మం

కార్తీక సోమవారం తెల్లవారుజామున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని ఆలయం ముందు ఇప్పుడొక కొత్త దృశ్యం కనిపిస్తుంది. ఒకనాడు ఎడ్లబండ్లు విడిచిన చోట, ఆ తరువాత బస్సులు ఆగిన చోట మోటారుసైకిళ్లు బారులు తీరి ఉంటాయి. హ్యాండిల్‌కు బంతిపూల దండ, ముందు చక్రానికి పసుపు కుంకుమలు, వెనుక సీటుకు తాడుతో బిగించిన పడకచుట్ట, దానిమీద మడిచిపెట్టిన చిన్న డేరా. నలుగురైదుగురు మిత్రులు జట్టు కట్టి, రెండు మూడు రోజులు ఇల్లు విడిచి క్షేత్రం నుంచి క్షేత్రానికి బండి మీద సాగిపోవడం గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల యువకులకు ఇష్టమైన వ్యాపకమైంది. వారిలో సాహసులు ఇక్కడితో ఆగక, సరిహద్దు దాటి నేపాల్‌లోని ముక్తినాథ్ వరకూ కలలు కంటున్నారు.

ఇంట్లో పెద్దలకు మాత్రం రెండు సందేహాలు. ఇది తీర్థయాత్రా, షికారా అన్నది పైకి అడిగే ప్రశ్న. అబ్బాయి క్షేమంగా ఇల్లు చేరతాడా అన్నది పైకి అనని ప్రశ్న. దేవుని గదిలో దీపం పెట్టి, రాత్రి పదింటిదాకా వీధి తలుపు గడియ వేయకుండా కూర్చునే తల్లికి ఆ రెండో ప్రశ్నే పెద్దది. పూర్వం యాత్ర ఎలా సాగేదో తెలుసుకుంటే రెండింటికీ ఒకేచోట సమాధానం దొరుకుతుంది.

మన పెద్దలు యాత్రను మజిలీలతో లెక్కించేవారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకీ, డేరాలు! ఎక్కడ దిగారు, అక్కడ నీరు మంచిదా, సరుకులు దొరుకుతాయా, తరువాతి మజిలీ ఎంత దూరం అన్నవన్నీ ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. నేడు బండి వెనుక డేరా కట్టుకుని బయలుదేరే కుర్రవాడికి అంతకంటే మంచి మార్గదర్శి దొరకదు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ అల్లినదీ ఈ అలవాటు ఆధారంగానే. పగలు నడక, సాయంత్రం మజిలీ. స్నానం, వంట, భోజనం అయ్యాక గురువు మణిసిద్ధుడు కథ చెప్పాలి, శిష్యుడు గోపుడు వినాలి. తెల్లవారితే మళ్లీ ప్రయాణం.

ఎడ్లబండి కాలంలో మజిలీ తప్పనిసరి. పశువు అలిసిపోతుంది, దానికి మేత వేయాలి, నీళ్లు పెట్టాలి. మోటారుసైకిలుకు అలుపు రాదు. అలుపు వచ్చేది నడిపేవాడికి. కానీ ఆ సంగతి వాడు ఒప్పుకోడు! ‘ఒక్కరోజులో తొమ్మిది క్షేత్రాలు చూసి వచ్చాం’ అని గొప్పగా చెప్పుకునే జట్లను చూస్తే, వారు గోపురాలను లెక్కపెట్టి వచ్చారనిపిస్తుంది.

అందుకే ఈ యాత్రను మూడు రోజులుగా, రెండు రాత్రి మజిలీలతో అనుకుందాం. గుడివాడలో భీమేశ్వరస్వామిని దర్శించి ఉదయమే బయలుదేరితే, గుడ్లవల్లేరు, పెడన మీదుగా ఎండ ముదరకముందే బందరు చేరవచ్చు. చిలకలపూడిలో పాండురంగని సన్నిధి తొలి దర్శనం. పండరిపురానికి వార్కరీలు రోజుల తరబడి కాలినడకన వెళతారు. అంత దూరం పోలేని తెలుగువారి కోసమే అన్నట్లు, భక్త నరసింహం భక్తికి మెచ్చి స్వామి 1929లో ఇక్కడ వెలశాడని భక్తుల విశ్వాసం. కీరపండరిపురమని ఈ క్షేత్రానికి పేరు. ఇక్కడ కులభేదం, తారతమ్యం లేకుండా భక్తులు స్వయంగా స్వామి పాదాలను తాకి నమస్కరించవచ్చు. సాయంత్రం 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరాన్ని చూసి, రాత్రికి తిరిగి బందరులో విశ్రమించడం మేలు. తీరంలోనే డేరా వేస్తామనేవారికి చెప్పవలసిన మాట ఒకటుంది, అది తరువాత.

రెండోరోజు దారి మొవ్వకు. ఈ యాత్రకు ఆదిగురువు ఎవరంటే మొవ్వ వేణుగోపాలుని భక్తుడైన క్షేత్రయ్యనే చెప్పాలి. పదిహేడో శతాబ్దికి చెందిన ఈ పదకర్త అసలు పేరు వరదయ్య అంటారు. క్షేత్రం వెంట క్షేత్రం తిరిగినందువల్ల క్షేత్రయ్య అయ్యాడని ప్రతీతి. మధుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానాలలో మన్ననలు పొందినా, ఏ ఊళ్లో ఏ స్వామి మీద పదం చెప్పినా, మువ్వగోపాలుని ముద్రను విడిచిపెట్టలేదు. ఎంత దూరం తిరిగినా ఇంటిదైవాన్ని వెంట తీసుకువెళ్లిన యాత్రికుడాయన. ఆ పక్కనే కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని అప్పగించిన ఊరు, ఆ సంప్రదాయాన్ని నేటికీ కాపాడుతున్న ఊరు.

అక్కడి నుంచి శ్రీకాకుళం. ఫోనులో దారి చూసుకునేవారు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. పేరు మాత్రమే చూసి బయలుదేరితే అది ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రానికి దారి చూపుతుంది! మన శ్రీకాకుళం ఘంటసాల మండలంలో, కృష్ణాతీరంలో ఉంది. ఇక్కడ కొలువైన స్వామి ఆంధ్రమహావిష్ణువు. దివిసీమ కవి, పెదప్రోలు వాసి కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితో నిలదీసి మరీ కొలిచింది ఈ స్వామినే.

ఈ సన్నిధిలో శ్రీకృష్ణదేవరాయలు గడిపిన రోజును బండి మీద యాత్ర చేసేవారు ప్రత్యేకంగా తలచుకోవాలి. కళింగ దండయాత్రకు వెళుతూ బెజవాడలో కొన్నాళ్లు విడిది చేసిన రాయలవారు శ్రీకాకుళం వచ్చారు. స్వామిని సేవించి, హరివాసరం నాడు ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి గోదాదేవి కల్యాణకథను తెలుగులో చెప్పమని ఆదేశించాడు. అదే ‘ఆముక్తమాల్యద’ అయింది. ఇందులో మనం గమనించని సూక్ష్మం ఉంది. సైన్యంతో యుద్ధానికి కదలిన చక్రవర్తి కూడా ఏకాదశినాడు ప్రయాణం ఆపి, ఒకచోట నిలిచి ఉపవసించాడు. కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం దాకా నీళ్లతో గడుపుతూ, ఆ కడుపుతోనే ఎండలో వంద కిలోమీటర్లు బండి నడిపే యువకులు ఎందరో. మధ్యాహ్నానికి కళ్లు తిరగడం, సాయంత్రానికి చేతుల పట్టు సడలడం సహజం. ఉపవాసమంటేనే స్వామికి సమీపంలో నిలిచి ఉండడం. ఉపవాసం ఉన్న రోజు మజిలీలోనే ఉండి, ప్రయాణం మరునాటికి పెట్టుకోవడం రాయలవారు చూపిన దారి.

ఘంటసాలలో జలధీశ్వరస్వామి ఆలయంలో శివపార్వతులు ఒకే పీఠంపై దర్శనమిస్తారు. ప్రాచీన కాలంలో ఇది సముద్ర వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. బౌద్ధస్తూపం ఆనవాళ్లూ ఇక్కడ ఉన్నాయి. అది చూసి, చల్లపల్లి మీదుగా పొద్దుగూకేలోగా మోపిదేవి చేరాలి. సర్పం చుట్టలే పానవట్టంగా, లింగాకారంలో సుబ్రహ్మణ్యేశ్వరుడు వెలసిన క్షేత్రమిది. సంతానం కోరి, దోషపరిహారం కోరి వచ్చే దంపతులు ఈ క్షేత్రంలో ఒక రాత్రి నిద్ర చేయడం ఆచారం. ‘నిద్ర చేయడం’ అన్న మాటలోనే మన మజిలీ సంప్రదాయమంతా ఇమిడి ఉంది. స్వామి సన్నిధిలో కన్ను మూయడమూ సేవేనని పెద్దలు భావించారు. డేరా వెంట ఉన్నా సరే, ఆ రాత్రి సత్రంలోనో, దేవస్థానం చూపిన చోటనో పడుకుని, తెల్లవారి అభిషేకానికి లేచిన వారికి ఆ తేడా తెలుస్తుంది.

మూడోరోజు ఉదయం పెదకళ్లేపల్లి. దుర్గానాగేశ్వరస్వామి కొలువైన ఈ ఊరికి దక్షిణకాశి అని ప్రసిద్ధి. కాశీలో గంగవలె ఇక్కడ కృష్ణ ఉత్తరవాహిని అని చెబుతారు. వేటూరి ప్రభాకరశాస్త్రి పుట్టిన ఊరు కూడా ఇదే. మహాశివరాత్రి తిరునాళ్ల నాడు బండి నిలపడానికే చోటుండదు గనుక, ప్రశాంతంగా చూడదలచినవారు మరో రోజు ఎంచుకోవాలి. తరువాత పులిగడ్డ. ఆంగ్లేయుల కాలంలో కట్టిన అక్విడక్టు అక్కడ చూడదగినది. కింద నదీపాయ, పైన పంటకాల్వ! అది దాటితే అసలు దీవి మొదలవుతుంది. అవనిగడ్డలో లక్ష్మీనారాయణస్వామిని దర్శించి, కోడూరు మీదుగా హంసలదీవికి సాగాలి.

హంసలదీవి స్థలపురాణమే ఒక యాత్రాకథ. జనం తమ పాపాలను కడుగుకుని గంగలో వదిలిపెడితే, ఆ భారంతో గంగ నల్లబడిందట. నీ పాపం పోయేదెలా అని ఆమె విష్ణువును వేడుకుంది. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి స్నానం చేయమని, ఎక్కడ హంసగా మారితే అదే పరమపవిత్ర స్థలమని స్వామి చెప్పాడు. కాకి రూపంలో గంగ తిరగని తీర్థం లేదు. చివరకు కృష్ణ సాగరంలో కలిసే ఈ చోట మునిగి లేచి తెల్లని హంస అయింది. పాపాలు పోగొట్టే గంగమ్మకే యాత్ర తప్పలేదంటే, ఒక్కో తీర్థం దగ్గర ఆగి, మునిగి, మళ్లీ బయలుదేరిందంటే, మజిలీకి అంతకంటే ప్రమాణం ఏం కావాలి? ఇక్కడి వేణుగోపాలస్వామికి మాఘపూర్ణిమకు కల్యాణోత్సవం జరుగుతుంది. వేలమంది సంగమస్నానానికి వస్తారు. పూర్వం ఎడ్లబండ్లు కట్టుకుని, వంటసామగ్రితో సకుటుంబంగా వచ్చి, బండి కిందనే పడుకుని వెళ్లేవారు. మన జిల్లాకు డేరా యాత్ర కొత్త కాదు.

ఇప్పుడు తీరంలో డేరా సంగతి. బండి యాత్రలకు అనువుగా ఉండేది కార్తీకమాసం. బంగాళాఖాతంలో తుపానులు విరుచుకుపడేదీ ఆ మాసంలోనే. 1864 నవంబరు 1న బందరును ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అవి కార్తీకమాసపు తొలి రోజులు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనలో పదివేలకు పైగా బలి అయ్యారు. అదీ కార్తీకమే. ఈ గడ్డమీద పెద్దవారు సముద్రాన్ని చూసి చేతులు జోడిస్తారు గానీ, దాని పక్కన పక్క వేయరు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నప్పుడు తీరానికి వెళ్లనే కూడదు. లేనప్పుడు కూడా రాత్రి బస ఊళ్లోకి మార్చుకోవాలి. సంగమం పరిసరాల్లోని మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనివి. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా డేరా వేయడం, పొయ్యి వెలిగించడం తగదు. సంగమంలో ప్రవాహం పైకి కనిపించదు, ఈత వచ్చినవారికీ అది ప్రమాదమే. స్థానిక మత్స్యకారులు చూపిన చోటనే మునగాలి.

సముద్రం కంటే కూడా భయపడవలసింది డెల్టా రోడ్డుకు. కాల్వగట్ల మీది దారుల్లో చాలాచోట్ల పక్కన గోడ ఉండదు. మలుపు తెలియక బండి కాల్వలోకి దిగితే, తెల్లవారిదాకా ఎవరికీ తెలియదు. కోతల రోజుల్లో రోడ్డుమీద ధాన్యం ఆరబోస్తారు, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు ఎదురవుతాయి, మార్గశిరంలో మంచు కమ్ముతుంది. కాబట్టి సూర్యాస్తమయం తరువాత చక్రం కదలకూడదన్నది ఈ యాత్రకు మొదటి నియమం కావాలి. దానివల్ల సంధ్యావందనానికి వేళ చిక్కుతుంది, ఇంటికి ఫోను చేయడానికీ వేళ చిక్కుతుంది. హెల్మెట్ విషయంలో వాదన అనవసరం. దీక్షలో ఉన్నవారు చెప్పులు లేకుండా బండి నడపడం మాత్రం ఆలోచించవలసిన విషయం. దీక్షాకాలంలో దూరప్రయాణానికి బస్సో, రైలో ఎక్కడమే ఉత్తమం. సైలెన్సర్ తీసేసి గుడి వీధిలో మోత మోగించేవారికి ఏ నియమం చెప్పినా చెవికెక్కదు, వారిని వదిలేద్దాం.

దివిసీమ దారుల్లో ఈ క్రమశిక్షణ అలవడిన జట్టుకే ముక్తినాథ్ ఆలోచన శోభిస్తుంది. 108 దివ్యదేశాలలో ఒకటైన ఆ క్షేత్రం 3,700 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. గోరఖ్‌పూర్ దాటి సునౌలీ వద్ద సరిహద్దులో బండికి ‘భన్సార్’ అనే ప్రవేశపత్రం తీసుకోవాలి. రిజిస్ట్రేషను, లైసెన్సు పత్రాలు అసలువే చూపించాలి. పోఖరా, బేని, జోమ్‌సమ్ మీదుగా దారి. కాళీగండకీ లోయలో మధ్యాహ్నం దాటితే గాలి బండిని పక్కకు నెట్టేంతగా వీస్తుంది. పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికి మజిలీ చేరేవారే సుఖపడతారు. ఎత్తుకు శరీరం అలవాటు పడాలంటే దారిలో ఒకటి రెండు రాత్రులు అదనంగా ఆగవలసిందే. ఇక్కడ హడావుడి పడినవారు 108 ధారల కింద స్నానం చేయకుండానే తలనొప్పితో కిందికి దిగవలసి వస్తుంది.

సాలగ్రామాలకు పుట్టినిల్లు ఆ కాళీగండకీ నదే. యాత్ర గుర్తుగా ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలని ప్రతి కుమారుడికీ అనిపిస్తుంది. సాలగ్రామం ఇంట ఉంటే నిత్యం అభిషేకం, నైవేద్యం జరగాలి, మడి పాటించాలి. ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, పెద్దవారు మంచాన ఉన్న ఇళ్లలో అది అందరికీ సాధ్యం కాదు. కనుక అక్కడ జోలెలో వేసుకునే ముందే ఇంటికి ఫోను చేసి, రోజూ ఆరాధన చేయగలవారెవరో అడగాలి. వీలు కాదని ఇంట్లో చెబితే, నదీజలం చిన్న సీసాలో తెచ్చుకుంటే చాలు.