తోలుబూటు ఆయుర్దాయము

పాదరక్షలను గూర్చి రేడియోలో ప్రసంగమా యని పెద్దలు నవ్వుకొనవచ్చును. కాని దినమెల్ల ఎండలోను బురదలోను నిలిచి పాటుపడువానికి పాదరక్షయు ఒక పనిముట్టే. నాగలికఱ్ఱు అరిగినచో క్రొత్త కఱ్ఱు వేయింతుము గాని నాగలిని పాఱవేయము గదా! ఈ న్యాయమునే తోలుబూటునకు వర్తింపజేసిన పనితనమును, దానివలన నేను నేర్చిన పాఠమును నేడు మనవి చేసెదను.

1999లో నేను నేలపరీక్షల ఉద్యోగమునకై అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు పోయితిని. అచ్చట మిసిసిపీ నదియొడ్డున రెడ్ వింగ్ అను చిన్న పట్టణము కలదు. 1905లో ఆ యూర పుట్టిన యొక సంస్థ రైతులకును కార్మికులకును తగిన తోలుబూట్లను నేటికిని చేయుచున్నది. అట్టి పనిబూట్లు ఒక జత కొంటిని. మొదటి శీతకాలముననే వానిని చేజేతుల పాడుచేసితిని. ఒకనాడు కరగుచున్న మంచులో దినమంతయు తిరిగి, తడిసిన బూట్లను రాత్రి ఇనుపపొయ్యి చెంత నుంచి నిద్రించితిని. తెల్లవాఱునప్పటికి తోలు ముడుచుకొని, వ్రేళ్లు వంగుచోట పగిలి, చెక్కవలె బిగిసియుండెను. తప్పు బూటుది కాదు, నాది.

ఏల అట్లయ్యెను? తోలనగా సన్నని నారల అల్లిక. పచ్చితోలు తడిగా నున్న కుళ్లును, ఎండిన అట్టవలె బిగియును. మన దేశమున తంగేడుచెక్కయు కరక్కాయయు నానిన నీటిలో తోళ్లను ఊనుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. వానిలోని వగరు నారలను పట్టి నిలిపి కుళ్లనీయదు. క్రోమియపు లవణములతో ఊనుటకు అమెరికాలో 1884లో పేటెంటు పుట్టెను. ఎట్లు ఊనినను తడితోలునకు వేడి శత్రువు. చెక్కవగరుతో ఊనిన తోలు తడిసియుండగా సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ముడుచుకొనును. ముడిగిన నారలు మరల సాగవు. కావున తడిసిన బూటులో పాతకాగితములు కూరి, అవి తడిసినప్పుడెల్ల మార్చుచు, నీడను గాలికి నెమ్మదిగా ఆరనీయవలెను.

మఱుసటి యేట రెండవ జత కొంటిని. దాని కట్టుబడి వినదగినది. పైతోలును లోపలి అట్టకు కుట్టునప్పుడు చుట్టును ఒక సన్నని తోలుపట్టీని చేర్చి కుట్టుదురు. దీనిని వెల్టు అందురు. నేలను తాకు అడుగు అట్టను ఆ పట్టీకి మాత్రమే వేఱొక కుట్టుతో బిగింతురు. రెండు అట్టలనడుమ బెండుపొడి నింపుదురు. అది కొంతకాలమునకు తొడుగువాని పాదమునకు తగినట్లు అణగును. అడుగు అరిగినచో పైతోలును ముట్టక, వెలుపలి కుట్టు విప్పి క్రొత్త అట్ట వేయవచ్చును. ఈ కుట్టును యంత్రముపై వేయు విధానము పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలో వచ్చి, చార్లెస్ గుడ్‌ఇయర్ అను వాని పేర ప్రసిద్ధమయ్యెను. రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచుటకు 1844లో పేటెంటు పొందినది అదే పేరుగల యతని తండ్రి.

నేడు అంగళ్లలో విరివిగా దొరకునవి జిగురుతో అంటించిన బూట్లు. అవి తేలిక, వెల చౌక. కాని వానిలో పెక్కింటికి వేయు పాలీయురెథేను అట్ట తేమకును వేడికిని ఏండ్లు గడచినకొలది తనంతట విఱిగి పొడియగును. తొడుగక పెట్టెలో దాచినను దానికి ఆయువు లేదు.

తోలుబూటునకు చేయవలసిన సేవ స్వల్పము. దినము విడిచి దినము తొడిగినచో లోపలి చెమట ఆరును. ముడుతలలోని దుమ్మును కుంచెతో దులుపవలెను. ఇసుక నారలను ఆకురాయివలె కోయును. తోలు పొడిబాఱినప్పుడు మాత్రమే కొలదిగా నూనె రాయవలెను. మన పెద్దలు చెప్పులకు ఆముదము రాచుట ఇందులకే. అతిగా రాచినచో తోలు మెత్తబడి సాగిపోవును. మడమ వెలుపలి అంచున ముందుగా అరుగును. పై పొర అరిగినప్పుడే మార్పింపవలెను.

ఆ జతకు 2005లోను 2011లోను అచ్చటనే అట్టలు మార్పించితిని. స్వదేశమునకు వచ్చిన పిమ్మట 2017లో గుంటూరున వీథిప్రక్క కూర్చున్న యొక వృద్ధుని కడకు కొనిపోయితిని. అతడు బూటును త్రిప్పి చూచి, "సరైన వేళకు తెచ్చారు బాబూ, ఇంకో నెల తొడిగితే ఈ పట్టీ కూడా అరిగిపోయేదండి" అనెను. రెండు దినములలో ఆరెతోను మైనపుదారముతోను, యంత్రము లేక, పాతరంధ్రములలోనే క్రొత్త అట్టను కుట్టియిచ్చెను. అట్టి కుట్టు నేను అమెరికాలోను చూడలేదు. ఈ పని యెవరికి నేర్పితివని యడిగితిని. "నేర్చుకునేవాళ్లు ఎవరు బాబూ? ఇప్పుడన్నీ అంటించేవేగా" అనెను.

నా చిన్ననాట మా యింటికి చెప్పులు కుట్టి తెచ్చు పెద్దమనిషి అరుగు దిగువనే నిలిచెడివాడు. ఎవ్వరును కూర్చుండు మనలేదు. అతని పనిని తొడుగుకొని తిరిగి, అతనిని దూరముగ నుంచుట మా అపరాధము. ఆ నేర్పు నేడు అరుదగుటకు జిగురుబూటొకటే కారణమని నేననలేను.

నా బూట్లు ఇంకను నడచుచున్నవి. వానికి నాలుగవ అట్ట వేయవలసిన దినము వచ్చును. మరమ్మతునకు నోచుకొను వస్తువు మరమ్మతుచేయు చేయి యున్నంతవఱకే బ్రదుకును. మీ గ్రామమున అట్టి చేయి యొకటి యున్నచో, అరిగిన చెప్పులను పాఱవేయక అతనికిచ్చి, అరుగుపై కూర్చుండబెట్టి, తగిన కూలి యిచ్చి, ఆ పనిని మీ పిల్లలచే చూడనిండు.