ముందు ఇరుసులోని మూలుగు

కువైట్‌లో మెకానిక్‌గా పనిచేసిన రోజుల్లో నా చేతికి వచ్చిన బండ్లలో ఒక పాత టయోటా హైలక్స్‌ను నేను మరచిపోలేదు. చలికాలం రాగానే దాని యజమాని భార్యాబిడ్డలతో ఎడారిలో గుడారం వేసుకునేందుకు అందులోనే వెళ్ళేవాడు. ఆ ఏడు బండి ముందు భాగం నుండి సన్నని మూలుగు మొదలైంది. వేగం పెరిగేకొద్దీ అదీ పెరిగేది.

బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు చోటిచ్చే గేర్ల సముదాయమే డిఫరెన్షియల్. ఈ బండి కాలపు నాలుగు చక్రాల హైలక్స్‌లలో ముందు, వెనుక రెండు చోట్లా దృఢమైన ఇరుసే ఉండేది. రెండింటిలోనూ ఒకే తరహా గేర్లు. వెనుక కోసం కోసిన పళ్ళు ముందుభాగంలో దిశ మారి అమరుతాయి గనుక, బండి ముందుకు సాగేటప్పుడు భారం పంటి బలహీనమైన ముఖం మీద పడుతుంది. పైగా ఈ యజమాని తారురోడ్డు మీద కూడా నాలుగు చక్రాల గేరు వదలకుండా నడిపేవాడట. ఇసుకలో చక్రం కాస్త జారి ఒత్తిడిని వదిలించుకుంటుంది; తారు మీద ఆ వీలు లేదు. ఒత్తిడంతా గేర్లకే.

హబ్బులు విప్పి, ఇరుసు కడ్డీలు లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ తొలగించి డిఫరెన్షియల్‌ను దించాము. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. ఎక్కడో నీళ్ళు చొరబడ్డాయి. పినియన్ బేరింగ్‌లు గుంటలు పడి ఉన్నాయి. క్రౌన్, పినియన్ పళ్ళు మాత్రం అదృష్టవశాత్తూ బాగానే ఉన్నాయి. అవి పాడైతే రెండింటినీ జతగానే మార్చాలి, ముందు వెనుకల నిష్పత్తి ఒకటే ఉండాలి. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 10 ఉంటే వెనుకా అదే లెక్క.

కొత్త బేరింగ్‌లు, సీళ్ళు వేసి పినియన్ నట్టు బిగించే పని ఉస్తాద్ నాకు అప్పగించాడు. రెండు బేరింగ్‌ల మధ్య పలుచని ఉక్కు తొడుగు ఒకటి ఉంటుంది. నట్టు బిగిస్తుంటే అది నలుగుతూ బేరింగ్‌ల మీద కావలసినంత ఒత్తిడి తెస్తుంది. కొంచెం బిగించి, పినియన్ తిప్పడానికి ఎంత బలం పడుతుందో కొలిచి, మళ్ళీ కొంచెం బిగించాలి. నేను తొందరపడ్డాను. బిగువు హద్దు దాటింది. మరునాడు గురువారం సాయంత్రానికి బండి ఇస్తామని మాట ఇచ్చి ఉన్నాము.

"నట్టు కాస్త వెనక్కి తిప్పితే సరిపోదా, ఉస్తాద్?" అన్నాను.

"తిప్పు. కొలత సరిగ్గానే చూపిస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ ఆ తొడుగు నలిగిపోయింది, మళ్ళీ సాగదు. కొన్నాళ్ళకు నట్టు వదులై పినియన్ ఊగుతుంది. అప్పుడు ఆ పిల్లలు ఎక్కడుంటారో నీకు తెలుసా?"

కొత్త తొడుగు శనివారం గానీ దొరకలేదు. యజమాని ఫోన్‌లో కేకలు వేశాడు. గ్యారేజీ ముదీర్ నా జీతంలో ఒక రోజు కోసేశాడు. ఆ నెల ఇంటికి పంపిన డబ్బు తగ్గితే కారణమేమిటని అమ్మీ అడిగింది, నేను చెప్పలేదు.

శనివారం రెండవ తొడుగును గంటసేపు బిగించాను. క్రౌన్, పినియన్ల మధ్య సందును డయల్ గేజ్‌తో 0.13 నుండి 0.18 మిల్లీమీటర్ల లోపు తెచ్చాము. అంటే రెండు కాగితాల మందం కంటే కూడా తక్కువ. పళ్ళకు రంగు పూసి తిప్పినప్పుడు అచ్చు పంటి నడుమన పడింది. అంచుకు జరిగి ఉంటే పినియన్ వెనుక షిమ్ మార్చి మళ్ళీ మొదటి నుండి చేయవలసి వచ్చేది.

కొన్ని వారాల తరువాత బండి ఆయిల్ మార్చడానికి వచ్చింది. మూలుగు లేదు. డ్రెయిన్ ప్లగ్‌కు అంటుకున్న సన్నని బూడిదరంగు పొడిని ఉస్తాద్ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పెళుసులేమీ తగల్లేదు. చెయ్యి గుడ్డకు తుడుచుకొని పక్క బండి కిందికి వెళ్ళిపోయాడు.