మౌనంగా కూర్చున్న హనుమ: సమష్టి కార్యంలో శక్తి నిరూపణ



శ్రీమద్రామాయణాన్ని మనము పారాయణ గ్రంథంగా చదువుతాము, ధర్మశాస్త్రంగా చదువుతాము, కావ్యంగా చదువుతాము. ఈనాటి ప్రసంగంలో దానిని మరొక ప్రయోజనం కొరకు ఆశ్రయిద్దాము. పదిమంది కలిసి ఒక కార్యం తలపెట్టినప్పుడు ఎవరిలో ఏ శక్తి ఉన్నదో తెలుసుకొనుట ఎట్లు? తెలిసిన శక్తిని కార్యానికి వినియోగించుట ఎట్లు? దేవాలయ ఉత్సవం నడపవలసిన వారికి, భజన మండలి నిర్వహించే వారికి, ఒక ఉమ్మడి కుటుంబాన్ని నెట్టుకొని వచ్చే గృహస్థునికి కూడా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. వాల్మీకి మహర్షి కిష్కింధాకాండలోని చివరి సర్గలలోను, యుద్ధకాండలోని సేతుబంధన ఘట్టంలోను దీనికి సమాధానం చెప్పి ఉన్నారు.

సముద్ర తీరంలో సంకటం

సుగ్రీవుడు సీతాన్వేషణకు నాలుగు దిక్కులకు నాలుగు బృందాలను పంపినాడు. తూర్పునకు వినతుడు, పడమటికి సుషేణుడు, ఉత్తరానికి శతబలి నాయకులు. దక్షిణానికి అంగదుని నాయకత్వంలో జాంబవంతుడు, హనుమంతుడు మొదలైనవారు వెళ్లినారు. గడువు ఒక నెల. తక్కిన మూడు బృందాలు నెల తిరిగేసరికి రిక్తహస్తాలతో మరలి వచ్చినవి. దక్షిణానికి వెళ్లినవారు స్వయంప్రభ గుహలో చిక్కుకొనగా గడువు దాటిపోయింది. తిరిగి వెళితే రాజదండన, వెళ్లకపోతే అపకీర్తి. ఆ నిస్పృహలో అంగదాదులు ప్రాయోపవేశానికి సిద్ధపడి దర్భలు పరచుకొని కూర్చున్నారు.

ఇక్కడ మనము ఒక విషయం గమనించాలి. సముద్రాన్ని లంఘించగలవాడు ఆ గుంపులోనే ఉన్నాడు. అయినా ఆ గుంపు మరణానికి సిద్ధపడింది. శక్తి లేక కాదు, ఉన్న శక్తి స్మృతికి రాక. మన సంఘాలలో అనేక కార్యాలు చెడిపోవడానికి కారణం ఇదే. సమర్థుడు లేడని విచారిస్తూ ఉంటాము. ఆ సమర్థుడు మన ప్రక్కనే, స్తంభానికి ఆనుకొని, మాటలాడక కూర్చొని ఉంటాడు.

రెక్కలు లేని పక్షి చేసిన మేలు

ఆ సమయంలో వారికి తోడ్పడినవాడు సంపాతి. సూర్యతాపానికి రెక్కలు కాలిపోయి, ఎగరలేక, కొడుకు తెచ్చి పెట్టే ఆహారంతో కాలం గడిపే వృద్ధ పక్షి. లోకదృష్టికి ఆతడు నిరుపయోగి. కాని గృధ్రజాతికి సహజమైన దూరదృష్టి ఆతనికి చెక్కుచెదరక ఉన్నది. ఆ కొండ మీదనే కూర్చొని నూరు యోజనాల ఆవల లంకలో ఉన్న సీతమ్మను చూచి చెప్పగలిగినాడు. రెక్కలు పోయినవని అందరూ ఎరుగుదురు. కన్నులు ఉన్నవని ఎవరు తలచినారు? రామకార్యానికి సాయపడిన పిమ్మట ఆతనికి తిరిగి రెక్కలు మొలిచినవని మహర్షి చెప్పినారు. ఇందులోని అంతరార్థం స్పష్టమే. పోయినదానిని లెక్కించక, మిగిలినదానిని కార్యంలో పెట్టిన వానికి పోయిన ఉత్సాహం కూడా మరలి వస్తుంది. ఉద్యోగ విరమణ చేసినవారు, వయస్సు మీదపడినవారు, ఇంటిలో ఒక మూల కూర్చొని ‘ఇక నావల్ల ఏమవుతుంది’ అనుకొనేవారు ఈ ఘట్టాన్ని మననం చేయాలి. వారిని ఆ మూలకు పరిమితం చేసిన ఇంటివారు కూడా మననం చేయాలి.

ఎవరి మేర వారు చెప్పుకొన్న సభ

సీత ఉన్న చోటు తెలిసింది. నూరు యోజనాల సముద్రం మిగిలింది. అంగదుడు సభ చేసి ఎవరు ఎంత దూరం లంఘించగలరో చెప్పమన్నాడు. గజుడు 10 యోజనాలన్నాడు. గవాక్షుడు 20 అన్నాడు. గంధమాదనుడు 50, మైందుడు 60, ద్వివిదుడు 70 అన్నారు. త్రివిక్రమావతార కాలంలో స్వామికి ప్రదక్షిణం చేసిన జాంబవంతుడు, ఇప్పుడు వృద్ధుడనైతిని, 90 యోజనాలు మాత్రమే పోగలనన్నాడు. అంగదుడు 100 యోజనాలు దాటగలనని, తిరిగి రాగలుగుట మాత్రం సందేహమని చెప్పినాడు.

ఈ సభలో ఒక్కరైనా అధికంగా చెప్పుకొనలేదు. పది యోజనాల వాడు సిగ్గుపడి మాట దాచలేదు. తొంబది యోజనాల వాడు పూర్వవైభవం చెప్పి మరొక పది కలుపుకొనలేదు. నాయకుడు సైతం తన సందేహాన్ని సభలోనే వెల్లడించినాడు. శక్తిని కనుగొనుటకు మొదటి మెట్టు ఇట్టి సత్యవాక్కే. మన సమావేశాలలో ‘అన్నీ నేను చూసుకొంటాను’ అనే మాట తరచు వినబడుతుంది. ‘నావల్ల ఇంతవరకు అవుతుంది, ఆపైన మరొకరు అందుకోవాలి’ అనే మాట అరుదు. మొదటి మాట వినడానికి ఇంపుగా ఉంటుంది, కార్యం నడిపేది రెండవ మాట.

అంగదుడు తానే బయలుదేరబోగా జాంబవంతుడు వారించినాడు. నీవు మమ్ములను పంపవలసిన ప్రభువవు, ఈ కార్యానికి మూలమవు, మూలాన్ని మేము కాపాడుకోవాలి అన్నాడు. నాయకుడు అన్ని పనులకు తానే పరుగెత్తనక్కరలేదు. పంపగలుగుట కూడా ఒక శక్తియే.

జాంబవంతుని హితబోధ

ఇందరు మాటలాడుతుండగా హనుమంతుడు ఒక ప్రక్కన మౌనంగా కూర్చొని ఉన్నాడు. ఆ మౌనానికి కారణం ఉత్తరకాండలో తెలుస్తుంది. బాల్యంలో ఆ మహాబలుడు ఋషుల ఆశ్రమాలలో యజ్ఞపాత్రలను విరిచి అల్లరి చేయగా, వారు నీ బలం నీకు చిరకాలం తెలియకుండుగాక, ఎవరైనా నీ కీర్తిని గుర్తు చేసినప్పుడు అది వృద్ధి పొందుగాక అని శపించినారు. శాపమే అయినా ఇందులో లోకోపకారం ఉన్నది. లక్ష్యం లేని బలం యజ్ఞపాత్రలను విరుస్తుంది. లక్ష్యం దొరికిన నాడు అదే బలం సముద్రాన్ని దాటుతుంది. ఒకరు గుర్తు చేస్తేనే తెలిసే బలం కనుక, గుర్తు చేసేవాని విలువ కూడా లోకానికి తెలిసింది.

జాంబవంతుడు ఏ విధంగా గుర్తు చేసినాడో క్రమంగా పరిశీలిద్దాము.

మొదటిది, ఆయన మాటలాడినవారి నడుమ మాటలాడని వానిని చూచినాడు. రెండవది, ఊరక పొగడలేదు. అంజనాదేవి గర్భాన జననం, ఫలమని భ్రమించి సూర్యునిపైకి ఎగరుట, ఇంద్రుని వజ్రాయుధం దెబ్బకు ఎడమ దవడ విరుగుట, వాయువు అలుగుట, బ్రహ్మేంద్రులు వరాలిచ్చుట, ఇట్లు జరిగిన సంగతులను ఒక్కొక్కటిగా చెప్పినాడు. పొగడ్త విన్నవాడు ఉబ్బుతాడు, లేదా సందేహిస్తాడు. తన జీవితంలోని యథార్థాన్ని విన్నవాడు నమ్ముతాడు. మూడవది, అందరి సమక్షంలో చెప్పినాడు. అందువలన విన్నవారందరికీ ఆ విశ్వాసం కలిగింది. నాలుగవది, ఆ బలాన్ని కార్యంతో ముడిపెట్టినాడు. వానరులందరూ దుఃఖంలో ఉన్నారు, నీవు ఉపేక్షిస్తున్నావేమి, లెమ్మన్నాడు. ఐదవది, తన 90 యోజనాలను తలచుకొని అసూయపడలేదు. తాను దాటలేని చోటును దాటగలవానిని లేపి నిలబెట్టినాడు. హనుమంతుని లంఘనానికి ముందు జరిగిన లంఘనం ఇదే. జాంబవంతుడు తన అహంకారాన్ని దాటినాడు.

అడుగనందున చెప్పని నలుడు

రెండవ ఉదాహరణ సేతుబంధనం. వానరసేన అంతా సముద్రం ఒడ్డున నిలిచింది. రామచంద్రుడు మూడు రాత్రులు దర్భశయనం చేసినాడు, పిమ్మట కోపించి బాణం ఎక్కుపెట్టినాడు. అప్పుడు సముద్రుడు ప్రత్యక్షమై, నీ సేనలోనే విశ్వకర్మ కుమారుడు నలుడున్నాడు, ఆతడు సేతువు కట్టగలడని చెప్పినాడు. నలుడు లేచి అది నిజమే అని అంగీకరించి, ఇంతవరకు నన్నెవరూ అడుగలేదు, అడుగకుండ నా గుణాలు నేనే చెప్పుకొనరాదు కనుక ఊరకున్నాను అన్నాడు.

ఎంత గంభీరమైన మాట! హనుమకు తన శక్తి తెలియదు, కనుక ఎవరైనా గుర్తు చేయాలి. నలునికి తన శక్తి తెలుసు, కాని ఎవరైనా అడగాలి. ప్రతి సంఘంలోను ఈ రెండు విధాలవారు ఉంటారు. నలుని సంస్కారం మెచ్చదగినదే. అయినా ఆతనిని అడిగే బాధ్యత సంఘానిది. సముద్రుడు చెప్పకపోతే ఏమై ఉండేదని ఆలోచించినప్పుడు ఈ బాధ్యత ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆపైన పని ఎట్లు సాగింది? కొందరు పర్వతశిఖరాలు, వృక్షాలు మోసుకొని వచ్చినారు. కొందరు సూత్రం పట్టినారు. కొందరు కొలతదండాలు పట్టినారు. మొదటి రోజు 14 యోజనాలు, రెండవ రోజు 20, మూడవ రోజు 21, నాలుగవ రోజు 22, ఐదవ రోజు 23, వెరసి 100 యోజనాలు పూర్తి అయినవి. దినదినానికి పని పెరిగిందే గాని తగ్గలేదు. చేయగలిగిన పని చేతికి దొరికినవాడు అలసట నెరుగడు. కొండ మోయలేనివాడు తాడు పట్టినాడు, ఆ తాడు లేక వారధి తిన్నగా సాగదు. మన తెలుగు రంగనాథ రామాయణం ఈ ఘట్టంలో ఉడుతకు కూడ చోటిచ్చింది. ఉడుతాభక్తి అనే మాట మన భాషలో నిలిచిపోయింది.

సందేహ నివృత్తి

తన శక్తిని తాను తెలుసుకొనుట, చెప్పుకొనుట అహంకారం కాదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. హనుమంతుని తరువాతి చరిత్రమే దీనికి సమాధానం. లంకలో గర్జించినప్పుడు ఆయన తనను కోసలేంద్రుని దాసునిగా చెప్పుకొన్నాడు. సీతమ్మతో సుగ్రీవుని వద్ద నాకన్న అధికులు, నాతో సమానులు ఉన్నారు, తక్కువవారు లేరన్నాడు. సముద్రం దాటివచ్చినవాడు ఆ మాట అన్నాడు. శక్తిని ఎరుగుట దోషం కాదు. అది తన సొంత ఆస్తి అనుకొనుట దోషం.

మరికొందరు ఎవరి శక్తిని బట్టి వారికి పని అంటే, పుట్టుకను బట్టో అంతస్తును బట్టో పని ముడివేయుట కాదా అనవచ్చు. కాదు. సంపాతిని చూచి ఎగరలేడని తీర్పు చెప్పుట వంటిది అది. స్త్రీలకు ఎప్పుడూ వంట, పేదవానికి ఎప్పుడూ మోత, విరాళమిచ్చినవారికి ఎప్పుడూ వేదిక అని ముందే నిర్ణయించిన చోట శక్తి నిరూపణ జరుగదు. అడిగి తెలుసుకోవాలి. కొత్త పని నేర్చుకొనగోరినవానికి అవకాశం కూడా ఇవ్వాలి.

ఆచరణ విధానం

శ్రీరామనవమి కల్యాణోత్సవాన్నే తీసుకొందాము. పందిరి, తోరణాలు, తలంబ్రాలు, పానకం, వడపప్పు, అన్నదానం, మైకు, విద్యుద్దీపాలు, చందాల లెక్క, చెప్పులు భద్రపరచుట, వృద్ధులను పందిట్లోకి నడిపించుట, ఇట్లు ఎన్నో పనులు. సాధారణంగా నలుగురు అన్నీ నెత్తిన వేసుకొని అలసి విసుగుకొంటారు. నలభైమంది చూస్తూ నిలబడతారు. ఉత్సవానికి పక్షం రోజుల ముందు అందరూ ఒకచోట కూర్చొని ఈ క్రమాన్ని పాటించవచ్చు.

ప్రతివారు తన గురించి గాక, తన ప్రక్కవారి గురించి తాము కన్నులార చూచిన ఒక మంచి పనిని చెప్పాలి. ‘మంచివాడు’ అంటే చాలదు. ‘నిరుడు జనం తోసుకొన్నప్పుడు ఈతడు ఒక్కరినీ కసరకుండ వరుసలో నిలిపినాడు’ అని జరిగినది చెప్పాలి. ఇది జాంబవంతుని పద్ధతి. పిమ్మట మాటలాడనివారిని పేరుపెట్టి ముందుగా అడగాలి. ఇది నలుని పట్ల మన ధర్మం. తరువాత ఎవరి మేర వారు చెప్పాలి, ఎన్ని గంటలు ఉండగలరో, ఏది చేయలేరో కూడా చెప్పాలి. ఇది వానరసభ మర్యాద. బ్యాంకులో పనిచేసి విరమించినవారికి లెక్కలు, ముగ్గులు వేసే చేతికి అలంకరణ, ఓర్పు గలవారికి వృద్ధుల సేవ అప్పగించి, ప్రతి పనికి నేర్చుకొనే యువకుని ఒకరిని జతచేయాలి. ఉత్సవం ముగిసిన మరునాడు తిరిగి కూర్చొని ఎవరివల్ల ఏ పని చక్కబడిందో చెప్పుకోవాలి. లోపాలను మాత్రమే లెక్కించే సమావేశానికి మరుసటి ఏడు జనం రారు.

యోజకుడు దుర్లభుడని పెద్దలన్నారు. పనికిరానివాడు అరుదు, పనికి కూర్చగలవాడు అరుదు. ప్రతి ఉత్సవంలోను ఒకరో ఇద్దరో వచ్చి, ఏమైనా చేయాలని అటూ ఇటూ చూచి, ఎవరూ పలుకరించకపోగా తీర్థం పుచ్చుకొని వెళ్లిపోతారు. కొన్నాళ్లకు రావడమే మానివేస్తారు. వారిలో హనుమ ఉన్నాడో, నలుడు ఉన్నాడో, తాడు పట్టగల ఒక చేయి ఉన్నదో మనకు తెలియకుండానే పోతుంది. అట్టి నష్టం మన సంఘాలకు కలుగకుండ, మాటలాడని వానిని చూచే కన్నును, చూచి లేపగల మాటను జాంబవంతుడు మనకు అనుగ్రహించుగాక!

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మార్పణమస్తు.