సూచక క్రియలు – మంచం మోసిన నలుగురు



"ప్రార్థన చేయించుకున్నామండీ, ఇక బిళ్ళలు మానేయవచ్చా?" అని ఓపీలో మమ్మును అడిగేవారున్నారు. అడగకుండానే మానేసి, జబ్బు ముదిరాక తిరిగి వచ్చేవారూ ఉన్నారు. అందుకే బైబిలులోని అద్భుతాలను గూర్చి ఈసారి కొంచెం నెమ్మదిగా ఆలోచిద్దాము.

యోహాను సువార్తలో వీటికి సూచక క్రియలు అని పేరు. సూచన అంటే గుర్తు. రోడ్డు పక్క రాయి మీద ఊరి పేరుంటుంది గాని ఆ రాయే ఊరు కాదు గదా! అయిదు రొట్టెలతో అయిదువేలమంది తృప్తిపొందిన మరునాడు జనులు మళ్లీ వెదుక్కుంటూ వస్తే, మీరు గుర్తును చూసి రాలేదు, కడుపు నిండిందని వచ్చారని ప్రభువు వారితో అన్నాడు (యోహాను 6).

మార్కు సువార్త 2వ అధ్యాయము చూడండి. కపెర్నహూములో ఇంటినిండా జనం, వాకిట కూడా చోటు లేదు. పక్షవాయువు గల ఒకనిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి, పరుపుతో సహా లోపలికి దించారు. ఆ కాలపు ఇళ్ళకు దూలాల మీద కొమ్మలు పరచి మట్టి మెత్తేవారు. మట్టి మిద్దెలు ఎరిగిన మన పెద్దలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. (ఇంటివారు ఏమన్నారో మార్కు వ్రాయలేదు!)

అందరూ "లేచి నడువు" అంటాడని చూస్తుంటే ప్రభువు మొదట పాపక్షమాపణ ప్రకటించాడు. దేవుడు తప్ప ఎవరు క్షమించగలరని శాస్త్రులు లోలోపల సణుగుకున్నారు. వారి ప్రశ్న సరియైనదే. క్షమాపణ కంటికి కనబడదు. కనబడని ఆ అధికారము తనకున్నదని తెలియడానికే ఆయన అతనిని లేపి, పరుపెత్తుకొని ఇంటికి పొమ్మన్నాడు. ఆ రోగి ఒక్క మాట మాట్లాడినట్టు లేదు, ఏ మొక్కూ మొక్కలేదు. కృప అంటే అదే. ప్రభువు చూసినది "వారి" విశ్వాసమని మార్కు వ్రాశాడు. మంచం పక్కన రాత్రంతా కూర్చునే కుటుంబాలవారు ఈ మాట గుర్తుంచుకోండి.

అయితే జబ్బు పాపము వల్లనే వచ్చిందని ఎవరినీ అనవద్దు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యులు అలా అడిగితే, అతడు గాని కన్నవారు గాని చేసిన పాపము కారణము కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9). బాగుకాని వారికి విశ్వాసము చాలలేదనడమూ తప్పే. బేతెస్ద కోనేటి దగ్గర రోగులు అనేకులుండగా, 38 ఏండ్లుగా జబ్బుతో ఉన్న ఒక్కడు లేచినట్టే చదువుతాము. పౌలు మూడుసార్లు వేడుకున్నా అతని ముల్లు పోలేదు. త్రోఫిమును అతడు మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. ఎవరిని ఎప్పుడు స్వస్థపరచాలో దేవుని చిత్తము.

ఇక మందుల సంగతి. హిజ్కియాకు 15 సంవత్సరాల ఆయుష్షు వాగ్దానమయ్యాక కూడా యెషయా అంజూరపు ముద్దతో పుండుకు కట్టు వేయించాడు (2 రాజులు 20). పదిమంది కుష్ఠరోగులను ప్రభువు యాజకుల దగ్గరకు వెళ్లి కనుపరచుకోమన్నాడు. శుద్ధుడయ్యాడో లేదో చూసి చెప్పే పని ఆనాడు యాజకునిదే. ఈనాడు కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే ఉన్నాయి. సాధారణ క్షయకు 6 నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారుకావచ్చు. ఇన్సులిన్ గాని మూర్ఛ బిళ్ళలు గాని ఒక్కసారిగా ఆపడం ప్రాణాపాయము.

ఇప్పటికే మానేసినవారు సిగ్గుపడక రండి, మేము కోప్పడము. పాత చీటీ, మిగిలిన బిళ్ళలు వెంట తెచ్చుకోండి. కలిసి ప్రార్థన చేసి, పరీక్షలు మొదలుపెడదాము.