మొదటి పొట్లం ఎవరు వేశారు?

పిల్లలూ! మీరు రోజూ బడికి వెళ్ళే దారిలో ఎక్కడో ఒకచోట చెత్తకుప్ప ఉండే ఉంటుంది. ఏ వీధి మలుపులోనో, ఏ కరెంటు స్తంభం మొదట్లోనో, ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ స్థలం అంచునో అది కనిపిస్తుంది. దాని దగ్గరకు రాగానే మీరు ముక్కు మూసుకుని, నాలుగడుగులు గబగబా వేసి దాటిపోతారు.

రేపు ఆ దారిన పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, వెనక ఉన్న గోడకేసి చూడండి. "ఇచ్చట చెత్త వేయరాదు" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా ఉండవచ్చు. సరిగ్గా ఆ అక్షరాల కిందనే కుప్ప ఉంటుంది! అక్కడ చెత్త వేసేవాళ్ళకు చదువు రాదా అంటే, అదేం కాదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా స్కూటరు ఆపకుండానే అక్కడికి సంచీ విసిరిపోతారు.

మరి ఆ కుప్పను అక్కడ పెట్టిందెవరు? వీధిలో ఎవరిని అడిగినా, "మేము కాదు బాబూ! అప్పటికే అక్కడ చెత్త ఉన్నది" అంటారు. వింత ఏమిటంటే, వాళ్ళలో చాలామంది చెప్పేది నిజమే. ఒక్కరు తప్ప మిగతా అందరూ వచ్చేసరికి అక్కడ చెత్త ఉన్నది. ఆ ఒక్కరు మొదటి పొట్లం వేసినవారు.

కుప్ప ఎట్లా పెరుగుతుందో చూడండి. చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. ఒకాయన ఆలస్యంగా నిద్రలేచాడు. ఇంట్లో నిన్నటి చెత్త అట్లాగే ఉన్నది. రేపటిదాకా ఉంచితే వాసన వస్తుంది గదా అని, సంచీకి ముడివేసి, మలుపులో స్తంభం పక్కన పెట్టి వచ్చాడు. "ఈ ఒక్కరోజుకే గదా!" అనుకున్నాడు. మధ్యాహ్నం ఇంకొకామె అటు వచ్చింది. ఆమె చేతిలో అరటితొక్కలున్నాయి. "ఓహో, ఇక్కడ వేస్తారు కాబోలు" అనుకుని వేసింది. సాయంత్రానికి కొబ్బరిబొండాలు చేరాయి. వారం తిరిగేసరికి కుప్ప తయారు. ఒక చీకటి రాత్రి ట్రాక్టరు వచ్చి, ఎక్కడో పడగొట్టిన ఇంటి మట్టి, ఇటుకముక్కలు గుమ్మరించి పోయింది. మరొక రాత్రి కోళ్ళ దుకాణం వాళ్ళు ఈకలూ పేగులూ మూటకట్టి పడేశారు. శుభ్రంగా ఉన్నచోట ఇట్లాంటి పని చేయడానికి ఎవరికైనా జంకుంటుంది. కుప్ప ఉన్నచోట ఆ జంకు పోతుంది.

ఇది ఊరికే ఊహించి చెప్పిన మాట కాదు. శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షచేసి చూశారు. ఐరోపాలో నెదర్లాండ్స్ అనే దేశమున్నది. అక్కడి గ్రోనింగెన్ నగరంలో జనం సైకిళ్ళమీదనే ఎక్కువగా తిరుగుతారు. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పనిచేసే కైజర్ అనే ఆయన, తన తోటివారితో కలిసి ఒక తమాషా ప్రయోగం చేశాడు. దాని ఫలితాలు 2008లో ప్రకటించారు.

ఒక సందులో జనం సైకిళ్ళు నిలిపి పోతారు. పక్కన గోడ. గోడమీద రాతలు రాయకూడదని హెచ్చరిక కూడా ఉన్నది. ఈ శాస్త్రజ్ఞులు ప్రతి సైకిలు చేతిపిడికీ ఒక కాగితం రబ్బరుబ్యాండుతో తగిలించారు. దాన్ని తీస్తేనే గాని సైకిలు తొక్కడం వీలుకాదు. ఆ సందులో చెత్తబుట్ట లేదు. సైకిలుదారు కాగితాన్ని జేబులో పెట్టుకుంటాడా, కింద పడేస్తాడా అని వీళ్ళు చాటునుంచి చూశారు. గోడ శుభ్రంగా ఉన్న రోజున నూటికి 33 మంది కాగితం కింద పడేశారు. తరువాత అదే గోడమీద పిచ్చిగీతలు గీయించి, మళ్ళీ కాగితాలు తగిలించారు. ఈసారి నూటికి 69 మంది పడేశారు!

ఊరు అదే, సందు అదే, కాగితం అదే. హెచ్చరిక కూడా రెండుసార్లూ ఉన్నది. మారింది గోడ ఒక్కటే. ఒకచోట ఎవరో నియమం తప్పారని కంటికి కనబడితే, చూసినవాడికి తానూ తప్పవచ్చుననిపిస్తుంది. అక్షరాలు ఒకటి చెబుతాయి, కుప్ప ఇంకొకటి చెబుతుంది. జనం కుప్ప చెప్పిన మాటే వింటారు. చెత్త చెత్తను పిలుస్తుంది.

"మా తాతయ్య చిన్నతనంలో కూడా చెత్త బయటే వేసేవారట గదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. పల్లెల్లో ఇంటి చెత్తంతా పెరటిలో పెంటకుప్పమీద వేసేవారు. అందులో ఉండేదేమిటి? పేడ, బూడిద, కూరగాయల తొక్కలు, తిన్న విస్తళ్ళు, ఎండుటాకులు. అదంతా చివికి ఎరువయ్యేది. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలుకునేవారు. ఆ పెంటకుప్ప రైతుకు సంపద! బెల్లంగానీ పకోడీలుగానీ కొంటే ఆకులోనో, కాగితంలోనో పొట్లం కట్టి ఇచ్చేవారు. ఆ పొట్లం దారిలో పడేసినా వానకు నాని, మట్టిలో కలిసిపోయేది. పారవేసే అలవాటు మనకు ఆనాటినుంచీ ఉన్నది. పారవేసే వస్తువు మాత్రం మారిపోయింది.

కావాలంటే మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. పెరటిలో జానెడు లోతు గుంట తీసి, అందులో అరటితొక్క, విస్తరాకు ముక్క, చాక్లెట్ చుట్టిన రంగుల రేకు వేసి, మట్టి కప్పి, గుర్తుగా పుల్ల గుచ్చండి. పెరడు లేకపోతే పెద్ద పూలకుండీ చాలు. అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతూ, రెండు నెలల తరువాత తవ్వండి. తొక్కను గుర్తుపట్టడమే కష్టమవుతుంది. విస్తరాకు చివికి ఉంటుంది. రంగురేకు మాత్రం కడిగితే, దానిమీది పేరు చదువుకోవచ్చు!

ఇట్లాంటి వస్తువులు కుప్పలో చేరితే ఏమవుతుందో ముందుగా ఆవును అడగాలి. ఆవుకు పై దవడ ముందుభాగంలో పళ్ళుండవు. నాలుకతో మేతను చుట్టి లాక్కుని, ముందు మింగేసి, తీరికగా నెమరు వేస్తుంది. సంచీలో మిగిలిన అన్నమున్నదనుకోండి. ముడి విప్పడానికి ఆవుకు చేతులు లేవు గదా! సంచీతో సహా మింగుతుంది. అన్నం అరుగుతుంది, సంచీ అరగదు. అది ముందుకు పోలేక పెద్దపొట్టలోనే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఇట్లా పేరుకుని, చివరకు పొట్టలో మేతకు చోటు చాలదు. పశువుల డాక్టర్లు ఆపరేషన్ చేసి ఒక్కొక్క ఆవు కడుపులోంచి 30, 40 కిలోల ప్లాస్టిక్ బయటికి తీసిన సందర్భాలున్నాయి. ఆపరేషనుదాకా పోని ఆవుల సంగతి వేరే చెప్పాలా?

తరువాత దోమను అడగాలి. డెంగీ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమకు చెరువులూ కాలువలూ అక్కరలేదు. కొబ్బరిబొండంలో, పాత టైరులో, టీ తాగి పడేసిన కప్పులో నిలిచిన వాననీరు చాలు. ఎండాకాలపు వేడిలో గుడ్డునుంచి రెక్కల దోమ కావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది. నీరు ఇంకిపోయినా దాని గుడ్లు కొన్ని నెలలపాటు చావవు, మళ్ళీ వాన పడేదాకా కాచుకుని ఉంటాయి. ఈ దోమ పుట్టినచోటినుంచి సాధారణంగా కొద్ది వందల గజాలకు మించి ఎగరదు. అంటే, పట్టపగలు మిమ్మల్ని కుట్టిన ఏడిస్ దోమ ఎక్కడో దూరాన పుట్టి ఉండదు. బహుశా మీ వీధిలోనే పుట్టి ఉంటుంది!

ఊరంతా చెత్తను ఉపేక్షిస్తే ఎంతదాకా వస్తుందో 1994లో గుజరాత్‌లోని సూరత్ నగరంలో కనిపించింది. సూరత్ బట్టల మిల్లులకు పేరుపడ్డ ఊరు. తెలంగాణా జిల్లాలనుంచి వెళ్ళిన నేతపనివారు వేలాదిమంది అక్కడ స్థిరపడ్డారు. ఆ ఏడు వానలు ఎక్కువగా కురిసి, వరద వచ్చి, చెత్తతో పూడిన కాలువల్లో నీరు కదలక నిలిచిపోయింది. వీధుల్లో చెత్త కుళ్ళింది. సెప్టెంబరులో ప్లేగు సోకిందన్న వార్త పుట్టింది. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షలాది జనం దొరికిన రైలూ, బస్సూ పట్టుకుని ఊరు విడిచి పారిపోయారు. మనవాళ్ళు కూడా పిల్లలను చంకనెత్తుకుని సొంత ఊళ్ళకు తిరిగివచ్చారు.

కథ అంతటితో ఆగిపోతే చెప్పుకోవలసిన పని లేదు. 1995లో ఎస్.ఆర్. రావు అనే అధికారి సూరత్ నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చాడు. అధికారులందరూ ప్రతి ఉదయం కుర్చీలు వదిలి వీధుల్లో తిరగాలని ఆయన నియమం పెట్టాడు. తాను కూడా తిరిగాడు. చెత్తను ఏ రోజుది ఆ రోజే ఎత్తించాడు. వీధిలో చెత్త పోసినవారు ఎంత పెద్దవారైనా సరే, జరిమానా వేయించాడు. రెండేళ్ళు తిరిగేసరికల్లా సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు తెచ్చుకున్నది. జనం అదే జనం, ఊరు అదే ఊరు! గ్రోనింగెన్ సందులో గోడ మారితే మనుషులు ఎట్లా మారారో, సూరత్‌లో వీధి మారితే ఊరంతా అట్లాగే మారింది.

కుప్పను అడ్డుకోవడానికి మీరు కమిషనర్లు కానక్కరలేదు. మీరు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, చెత్తబండి వచ్చే వేళ తెలుసుకుని, ఆ వేళకు మీ ఇంటి చెత్త గుమ్మం దగ్గర ఉండేటట్లు చూసే పని మీరు తీసుకోండి. బండి తప్పిపోతే మూతపెట్టి రేపటిదాకా ఉంచండి. వాసన వస్తుందని భయమా? తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఉంచితే, వాసన వచ్చేది తడిచెత్త ఒక్కటే. దానిమీద గుప్పెడు ఎండుమట్టి చల్లితే చాలావరకు తగ్గుతుంది.

రెండవది, పగిలిన గాజుముక్కలను మందపాటి కాగితంలో చుట్టి, పైన "గాజు" అని రాసి, బండివారి చేతికి విడిగా ఇవ్వండి. ఎందుకంటారా? మనం విసిరిన సంచీని చివరకు ఎత్తేది ఒక మనిషి చెయ్యి. ఆ మనిషికి కూడా మీవంటి పిల్లలుంటారు. సాయంత్రం ఆ చేతితోనే వాళ్ళకు అన్నం కలిపి పెట్టాలి.

మూడవది, కుప్పకు నిప్పు పెట్టవద్దు, ఇతరులు పెడుతుంటే పెద్దలకు చెప్పండి. ప్లాస్టిక్ కాలిన పొగ విషం. కుప్ప కంటికి కనబడకుండా పోయి, ఊపిరితిత్తుల్లోకి వస్తుంది.

నాలుగవది చాలా ముఖ్యం. మునిసిపాలిటీవారు కుప్పను ఎత్తివేసిన రోజున ఆ చోటును ఖాళీగా వదిలిపెట్టవద్దు. అమ్మనూ, అక్కనూ, పొరుగువారినీ పిలిచి, అక్కడ నీళ్ళు చల్లి పెద్ద ముగ్గు వేయండి. రెండు పూలకుండీలు పెట్టండి. హైదరాబాదులో ఇట్లా చెత్త ఎత్తించి ముగ్గులు వేసిన చోట్లున్నాయి. ముగ్గుమీద సంచీ విసరడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? "ఈ చోటును చూసుకునేవాళ్ళున్నారు" అని గోడమీది అక్షరాలకంటే ముగ్గు గట్టిగా చెబుతుంది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు బడిలో పరిశుభ్రతమీద వ్యాసం రాసి, పదికి పది మార్కులు తెచ్చుకుని, మీ స్కూటరు వెనక కూర్చుని వస్తుంటాడు. మలుపు దగ్గర మీ చేతిలోంచి సంచీ ఎగిరి కుప్పమీద పడితే, ఆ వ్యాసం అక్కడికక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. వాడు నేర్చుకునేది మీ చేతినుంచే!

పిల్లలూ! రేపు మీరు చాక్లెట్ తిన్నాక రంగురేకు చేతిలో మిగులుతుంది. చుట్టూ చూస్తే వీధి శుభ్రంగా ఉంటుంది, చెత్తబుట్ట మాత్రం కనబడదు. ఎవరూ మిమ్మల్ని చూడటం లేదు. ఆ నిమిషాన ఆ వీధిలో మొదటి పొట్లం మీ చేతిలోనే ఉన్నదని గుర్తుపెట్టుకోండి. దాన్ని మడిచి జేబులో వేసుకుంటే, ఆ రోజుకు అక్కడ కుప్ప పుట్టదు.